మొరాకో మట్టిపాత్ర తాజీన్: రంగులు వేసినది పొయ్యి మీద పెట్టొచ్చా? ఎలా వండాలి?

పెన్నాతీరం

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఆఫీసు పని మీద మొరాకో వెళ్ళి వస్తూ అక్కడి మట్టిపాత్ర ఒకటి తెచ్చాడు. తాజీన్ అంటారట. కింద వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే పళ్ళెం. పైన గరాటు బోర్లించినట్టు నిలువుగా లేచిన మూత. ఫెస్ నగరంలో కొన్నాడు. లోపలా బయటా నీలం రంగు లతలు, మధ్యలో పసుపు, అంతా నున్నగా మెరుస్తోంది. ఇందులో వండే కూరని కూడా తాజీన్ అనే పిలుస్తారట.

మాకు మట్టిపాత్ర కొత్త కాదు. చేపల పులుసు ఇప్పటికీ దాకలోనే పెడతాను. కానీ దీని తీరు వేరుగా ఉంది. గ్యాస్ మీద నేరుగా పెట్టొచ్చా? ఆ మూత అంత ఎత్తెందుకు? నిమ్మకాయ, ఆలివ్ కాయలు వేసి చేసే కోడికూర వాడు అక్కడ ఇష్టంగా తిన్నాడట. అది ఇంట్లో చేసి పెట్టాలని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కాసాలో తెలుగోడు

అమ్మా, ముందు ఒక్క మాట. ఆ పాత్రని పొయ్యి మీద పెట్టకండి.

నేను ఉద్యోగరీత్యా కాసాబ్లాంకాలో ఉంటున్నాను. ఇక్కడి బజార్లలో తాజీన్లు రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి వడ్డించడానికి, అలంకారానికి. మీరు చెప్పిన నీలం లతలది ఆ రకమే. ఫెస్ కుమ్మరులు ఆ నీలానికి పేరుపడ్డవాళ్ళు. రెండోది వంటకి. అది చూడటానికి ఏమంత అందంగా ఉండదు. ఎర్రమట్టి రంగు, మందమైన అడుగు, గ్లేజు అనే మెరిసే పూత ఉండదు, ఉన్నా చాలా సాదాగా ఉంటుంది. రబాత్ పక్కన సలేలోని ఊల్జా కుమ్మరివాడలో, సాఫీ ఊళ్ళో కుమ్మరుల గుట్ట దగ్గర ఇలాంటివి వరసగా పేర్చి అమ్ముతారు. టూరిస్టులు రంగులది కొంటారు, ఇక్కడి ఆడవాళ్ళు ఎర్రది కొంటారు.

అలంకారం పాత్ర పలచగా ఉంటుంది. మంట తగిలితే చీలుతుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మట్టిపని గారు ఈ వేదికలోనే ఉన్నారు కదా, ఆయన చెబితే బాగుంటుంది.

మట్టిపని

పిలిచినందుకు థ్యాంక్స్ అన్నా. మాది కుమ్మరి కుటుంబం. ఇప్పుడు హైదరాబాద్‌లో సెరామిక్ స్టూడియో నడుపుతున్నాను. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

గ్లేజు అంటే మట్టి మీద పూసి కాలిస్తే గాజుగా మారే పూత. మామూలుగా ఆ పూత కరగాలంటే ఆవంలో చాలా వేడి కావాలి. సీసం కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది, నున్నగా పరుచుకుంటుంది, కింద గీసిన రంగు బాగా తేలుతుంది. అందుకే మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో, మెక్సికోలో, ఇంకా చాలాచోట్ల వందల ఏళ్ళు సీసం గ్లేజు వాడారు. సంప్రదాయ పద్ధతిలో చేసే కొందరు ఇప్పటికీ వాడుతున్నారు. పూత సరిగ్గా కాలకపోయినా, అందులో సీసం పాలు ఎక్కువైనా, పులుపు తగలగానే సీసం తిండిలోకి దిగుతుంది. తాజీన్‌లో వేసేవి ఏమిటి? నిమ్మకాయ, టమాటా. వండేది ఎంతసేపు? గంటా, రెండు గంటలు. పులుపు, వేడి, సమయం మూడూ కలిసిన చోట రిస్క్ ఎక్కువ.

సీసం ఒంట్లో చేరితే బయటికి వెంటనే ఏమీ కనిపించదు. చిన్నపిల్లల మెదడు ఎదుగుదల మీద దెబ్బ కొడుతుంది. రక్తంలో ఇంతవరకూ ఉంటే ఫర్వాలేదు అనే హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మీ పాత్రలో సీసం ఉందని నేను అనడం లేదండీ. కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఇంట్లో రుద్ది చూసే కిట్లని నమ్మవద్దు. పరీక్ష చేయించాలంటే ల్యాబ్‌లో పాత్ర నిండా 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచుతారు. ఆ ద్రవంలోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌ని అడగండి. అంతవరకూ అందులో వండకండి, ఊరగాయలు అసలే పెట్టకండి.

పెన్నాతీరం

అడిగి మంచి పని చేశానన్నమాట. అందులో పొడివి పెట్టుకోవచ్చా? ఖర్జూరాలు, బాదంపప్పు లాంటివి?

మట్టిపని

తొక్క ఉన్న బాదం, వేరుశనగ కాయలు అయితే సరే. ఖర్జూరం జిగురుగా అంటుకుంటుంది కాబట్టి మధ్యలో గాజు గిన్నె పెట్టి అందులో పోయండి. వేడివీ, పులుపువీ, నూనెవీ వద్దు. షోకేసులో పెట్టినా తప్పు లేదు. అంత సన్నటి కుంచెపనికి చేతి నైపుణ్యం చాలా కావాలి, రోజూ కళ్ళెదుట ఉండదగ్గ వస్తువు.

డాలస్ వదిన

నాకూ సరిగ్గా ఇదే సందేహం ఉంది. ఇక్కడ తాజీన్ పేరుతో రకరకాలు అమ్ముతున్నారు. ఫ్రెంచ్ కంపెనీల్లో లే క్రూజే వాళ్ళది అడుగు పోత ఇనుము మీద ఎనామిల్, పైన మట్టి మూత. ఎమీల్ ఆన్రీ వాళ్ళది అంతా సెరామిక్. మాది గ్లాస్ టాప్ ఎలక్ట్రిక్ స్టవ్. మొరాకోలో బొగ్గుల మీద వండేది ఎలక్ట్రిక్ మీద ఎలా కుదురుతుంది అన్నా?

కాసాలో తెలుగోడు

వదినా, కుదురుతుంది. బొగ్గుల పొయ్యి ఎలా పని చేస్తుందో తెలిస్తే మిగతాది సులువు.

ఇక్కడ మజ్మర్ అని మట్టితో చేసిన కుంపటి ఉంటుంది. అంచు మీద మూడు మొనలు పైకి లేచి ఉంటాయి, తాజీన్ వాటి మీద కూర్చుంటుంది. నిప్పుకీ పాత్రకీ మధ్య ఖాళీ ఉంటుంది. బొగ్గులు రాజుకున్నాక వాటి మీద బూడిద పేరుకుంటుంది, ఆ బూడిదే సెగని తగ్గిస్తుంది. పొద్దున పెట్టి పనిలోకి పోతే మధ్యాహ్నానికి కూర సిద్ధం. అట్లాస్ కొండల రోడ్ల మీద, మరాకేష్ నుంచి వర్జాజాత్ వెళ్ళే దారిలో, హోటళ్ళ ముందు ఇలాంటి కుంపట్లు వరసగా పెట్టి ఉంటాయి. ఒక్కో మూత మీద ఒక టమాటానో, మిరపకాయో గుర్తుగా పెడతారు. లారీ డ్రైవర్లు ఆగి మూతలు తీసి చూసి, తమకి నచ్చినది చూపిస్తారు.

కాబట్టి కావలసింది తక్కువ సెగ, అది అడుగంతా సమానంగా పరుచుకోవడం, నెమ్మదిగా పెరగడం. గ్యాస్ అయినా ఎలక్ట్రిక్ అయినా మధ్యలో డిఫ్యూజర్ అనే ఇనుప పళ్ళెం వేయాలి. మన ఇళ్ళలో మందపాటి ఇనుప పెనం ఉంటుంది కదా, దాని మీద పెట్టినా పని జరుగుతుంది. అన్నిటికన్నా చిన్న బర్నర్, సిమ్‌లో. ఇండక్షన్ మీద మట్టి వేడెక్కదు, ఆ ఆలోచన వదిలేయండి. ఓవెన్ ఉంటే ఇంకా తేలిక. చల్లటి ఓవెన్‌లో పెట్టి, ఆ తర్వాత 150 నుంచి 160 డిగ్రీల సెల్సియస్‌కి తిప్పండి. వేడెక్కిన ఓవెన్‌లోకి చల్లటి పాత్ర నెట్టకూడదు.

ఇక కొత్త పాత్రని పదును చేయడం. గ్లేజు లేని తాజీన్‌ని, మూతతో సహా, ఒక రాత్రంతా నీళ్ళలో ముంచి ఉంచాలి. మొదట్లో బుడగలు వస్తాయి, మట్టి నీళ్ళు తాగుతోందన్నమాట. పొద్దున తీసి, నీడన ఆరనిచ్చి, లోపలా బయటా ఆలివ్ నూనె రాయాలి. చల్లటి ఓవెన్‌లో పెట్టి 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చి, ఓవెన్ ఆపి, లోపలే చల్లారనివ్వాలి. మళ్ళీ ఒకసారి నూనె రాయాలి. ఓవెన్ లేనివాళ్ళు నూనె రాసిన పాత్రలో నీళ్ళు, ఉల్లిపాయ ముక్కలు, కాస్త నూనె వేసి సన్న సెగ మీద గంటసేపు ఉంచితే సరిపోతుంది.

మట్టిపని

ఒక మాట కలుపుతాను. మన ఊళ్ళలో కొత్త కుండలో గంజి కాచి పారబోస్తాం కదా, అది కూడా పనికొచ్చేదే. గంజిలోని పిండి మట్టి రంధ్రాల్లోకి చేరి వాటిని పూడుస్తుంది. తాజీన్‌కీ అలా చేయొచ్చు.

పాత్రలు చీలేది మంట వల్ల కన్నా వేడిలో తేడా వల్ల. పొయ్యి మీంచి దించిన పాత్రని గ్రానైట్ గట్టు మీద పెడితే అడుగు ఒక్కసారిగా చల్లబడి బీట పడుతుంది. చెక్క మీదో, మడతపెట్టిన గుడ్డ మీదో దించండి. కూరలో నీళ్ళు తగ్గితే గోరువెచ్చటివే పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం గది వేడికి వచ్చాకే వేయండి. కడిగేటప్పుడు సబ్బు వద్దు, మట్టి ఆ వాసన పట్టుకుంటుంది. వేడినీళ్ళు, రాళ్ళుప్పు, మెత్తటి పీచు చాలు. పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి, మూత కొంచెం ఓరగా ఉంచండి. లేకపోతే బూజు పడుతుంది.

పులుసుప్రియ

అందరూ ఇంత శ్రద్ధగా చెబుతుంటే కాదనాలని లేదు కానీ నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేను. మసాలా, మాంసం, ఉల్లిపాయ, నూనె ఇవే కదా? కుక్కర్‌లో నాలుగు కూతలకి అయిపోయే కూరకి రెండు గంటల గ్యాస్ తగలెయ్యడం ఎందుకు? మట్టిపాత్రల మీద ఇప్పుడు అందరికీ మోజు ఎక్కువైంది. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళకి ఇదో కొత్త టెన్షన్. రుచిలో నిజంగా తేడా ఉంటే అది ఎక్కడినుంచి వస్తుందో చెప్పండి, వింటాను.

ఆవిరి లెక్క

న్యాయమైన ప్రశ్న. నేను మెకానికల్ ఇంజనీర్‌ని, వంట ఇష్టం. ఇందులో పాత్ర చేసే పని ఎంత అనేది విడదీసి చూద్దాం.

అడుగు వెడల్పు, లోతు తక్కువ. ముక్కలన్నీ ఒకే వరసలో పడతాయి, ఒకదాని మీద ఒకటి పడవు. అందుకే అరగ్లాసు నీళ్ళు చాలు. మూత పైకి వెళ్ళేకొద్దీ నిప్పుకి దూరం, కాబట్టి పై భాగం చల్లగా ఉంటుంది. కూరలోంచి లేచిన ఆవిరి అక్కడ తగిలి నీరై, వాలుగా ఉన్న గోడ వెంట జారి అంచు దగ్గర మళ్ళీ కూరలో కలుస్తుంది. ముక్కల మీద చుక్కలుగా పడకుండా పక్కల నుంచి దిగుతుంది. పిడి చివర కొన్నిటికి చిన్న గుంట ఉంటుంది, అందులో చల్లటి నీళ్ళు పోస్తే ఈ పని ఇంకొంచెం బాగా జరుగుతుంది. ఆ పిడి వేడెక్కదు కాబట్టి చేత్తోనే మూత తీయొచ్చు.

కానీ మూత గాలి చొరకుండా బిగుసుకుంటుందనేది నిజం కాదు. అంచు దగ్గర సన్నటి సందు ఉంటుంది, కొన్ని మూతలకి చిన్న చిల్లు కూడా ఉంటుంది. ఆవిరిలో కొంత బయటికి పోతుంది. పోవాలి కూడా. అలా పోబట్టే చివరికి గ్రేవీ చిక్కబడుతుంది. కుక్కర్‌లో ఇది జరగదు. పోసిన నీళ్ళన్నీ లోపలే ఉంటాయి, విజిల్‌తో పోయేది కొంచెమే.

రెండోది మాంసం. ఎముకల చుట్టూ ఉండే గట్టి పీచు 70 డిగ్రీలు దాటాక మెల్లగా కరిగి జిగురుగా మారుతుంది. కుక్కర్‌లో 120 డిగ్రీల దగ్గర ఆ పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ ఆ వేడికి కండ కూడా గట్టిగా బిగుసుకుని రసం వదిలేస్తుంది. ముక్క మెత్తగా ఉంటుంది, నమిలితే పొడిపొడిగా తగులుతుంది. సన్న సెగ మీద ఈ నష్టం తక్కువ.

కాసాలో తెలుగోడు

పులుసుప్రియ గారూ, మీ మాటలో సగం మొరాకో ఇల్లాళ్ళు కూడా ఒప్పుకుంటారు. ఇక్కడి నగరాల్లో చాలా ఇళ్ళలో రోజువారీ కూర కుక్కర్‌లోనే ఉడుకుతుంది. కొకోత్ అంటారు. ఉడికాక తాజీన్ పళ్ళెంలోకి మార్చి తెస్తారు. దాన్ని ఇక్కడ ఎవరూ తప్పుగా చూడరు.

అయితే కుక్కర్‌లో చేసినా మూత తీసి గ్రేవీని దగ్గరపడేదాకా ఇగరబెడతారు. ఇక్కడివాళ్ళు కూరని కొలిచేది అక్కడే. ఉల్లిపాయలు పూర్తిగా కరిగి, నీరంతా పోయి, నూనె తేలి ముద్దగా మిగలాలి. దాన్ని దగ్మీర అంటారు. రొట్టెముక్కతో తుడిచి తీసుకునేలా ఉండాలి. పలచగా ఉంటే కూర కాలేదన్నట్టే లెక్క. మట్టి తాజీన్‌లో దగ్మీర దానంతట అదే వస్తుంది. ఆదివారం తీరిక ఉన్నప్పుడు అందులో వండి చూడండి, మిగతా రోజులు కుక్కర్ ఉండనే ఉంది.

పల్లెల్లో సంగతి వేరు. నీళ్ళు దూరం, వంటచెరకు తక్కువ. గుప్పెడు బొగ్గులతో, అరగ్లాసు నీళ్ళతో ముదురు మాంసాన్ని కూడా మెత్తగా చేసే పాత్ర ఇది. అక్కడ అది షోకు కాదు, అవసరం.

పులుసుప్రియ

నీళ్ళు ఇగరబెట్టే సంగతి ఒప్పుకుంటున్నాను. మా అత్తగారు మాంసం ఇగురు అలాగే చేసేవారు, చివర్లో మూత పెట్టనిచ్చేవారు కాదు. కోడికూర కొలతలు చెప్పండి, చూద్దాం.

కాసాలో తెలుగోడు

ఇదిగో, నలుగురికి.

ముందుగా ఉప్పులో ఊరిన నిమ్మకాయ కావాలి. మన ఊరగాయతో పని జరగదు, అందులో కారం, మెంతిపిండి, నూనె ఉంటాయి. దీనికి ఉప్పు, నిమ్మరసం తప్ప ఏమీ వద్దు. కాయని నాలుగు చీలికలుగా, కింద విడిపోకుండా కోసి, లోపల రాళ్ళుప్పు కూరాలి. గాజు సీసాలో ఒత్తి పెట్టి, కాయలు మునిగేలా నిమ్మరసం పోయాలి. నెల రోజులకి తొక్క మెత్తబడి, చేదు పోయి, ఒక కొత్త వాసన వస్తుంది. తొక్క కాస్త మందంగా ఉన్న కాయలు మంచివి. వాడేటప్పుడు కడిగి, లోపలి గుజ్జు తీసేసి, తొక్క మాత్రమే తీసుకోవాలి.

కిలో కోడి, ఎముకతో ఉన్న కాళ్ళూ తొడలూ అయితే బాగుంటుంది. రెండు పెద్ద ఉల్లిపాయలు తురమండి లేదా బాగా సన్నగా తరగండి. వెల్లుల్లి మూడు రెబ్బలు. సొంఠిపొడి ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, పసుపు అర చెంచా, కుంకుమపువ్వు చిటికెడు. ఇక్కడ తాలివీన్ కుంకుమపువ్వు వాడతారు, మనకి కాశ్మీరుది ఉంది. కొత్తిమీర, పార్స్‌లీ కలిపి దారంతో కట్టిన చిన్న కట్ట. పార్స్‌లీ దొరక్కపోతే కొత్తిమీర ఒక్కటే వేయండి. ఆలివ్ నూనె నాలుగు పెద్ద చెంచాలు.

చల్లటి పాత్రలోనే నూనె, ఉల్లి, వెల్లుల్లి, మసాలా, కోడి అన్నీ వేసి చేత్తో కలపండి. తాలింపు లేదు, వేయించడం లేదు. మనవాళ్ళకి ఇక్కడే చేయి ఆగదు, దయచేసి ఆగండి. సన్న సెగ మీద మూత లేకుండా పది నిమిషాలు, ముక్కలు తిప్పుతూ. తర్వాత అరగ్లాసు గోరువెచ్చటి నీళ్ళు, ఆకుకట్ట, మూత. ముప్పావుగంట దాకా మాటిమాటికీ తీసి చూడవద్దు. ముక్క ఉడికాక నిమ్మతొక్క, గుప్పెడు ఆలివ్ కాయలు వేసి, మూత కింద చెక్క గరిటె అడ్డం పెట్టి కొంచెం ఎత్తి ఉంచండి. ఇంకో పావుగంటలో గ్రేవీ దగ్గరపడుతుంది. నిమ్మతొక్కలో, ఆలివ్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి.

కారం లేదు, గమనించారా? మొరాకో వంటలో మసాలాలు చాలా ఉన్నా మిరపకాయ ఘాటు తక్కువ. కావాలంటే హరీసా అనే మిరపకాయల ముద్ద పక్కన పెట్టుకుంటారు. మొదటిసారి కారం లేకుండానే తినండి. సొంఠి, నిమ్మతొక్క వాసన అప్పుడే తెలుస్తుంది.

గుంటూరు శాకాహారి

మాంసం తినని వాళ్ళకి ఇందులో ఏముంది అన్నా?

కాసాలో తెలుగోడు

చాలా ఉంది. అట్లాస్ కొండల్లో అమాజీగ్ ప్రజల ఇళ్ళలో కూరగాయల తాజీన్ వండుతారు. చూడటానికే ముచ్చటగా ఉంటుంది. అడుగున ఉల్లి చక్రాలు, మధ్యలో నానబెట్టి ఉడికించిన శనగలు. వాటి చుట్టూ క్యారెట్, బంగాళాదుంప, టర్నిప్, జుకినీ ముక్కలు పొడవుగా కోసి మూత ఆకారానికి తగ్గట్టు నిలబెడతారు. గట్టివి కింద, మెత్తవి పైన. అన్నిటికన్నా పైన టమాటా చక్రాలు, క్యాప్సికమ్ చీలికలు, ఆలివ్‌లు. జీలకర్ర పొడి, సొంఠి, పసుపు, కారం లేని ఎర్ర మిరపపొడి నూనెలో కలిపి పైనుంచి పోస్తారు. గరిటె పెట్టి తిప్పరు. గంట పడుతుంది. మన దొండకాయ, చిక్కుడు కూడా ఇలా బాగుంటాయని నా అనుభవం.

మొరాకో వచ్చినప్పుడు మాత్రం హోటల్లో అడిగి తినండి. కూరగాయల తాజీన్ అని రాసినా మాంసంతో కలిపి ఉడికించి, ముక్కలు తీసేసి పెట్టేచోట్లు ఉన్నాయి.

లియోన్ వాసి

ఫ్రాన్స్ నుంచి. మా అపార్టుమెంటులో మొరాకో, అల్జీరియా, ట్యునీషియా కుటుంబాలు ఉన్నాయి. మూడిళ్ళలో తాజీన్ అంటే మూడు వస్తాయి. అల్జీరియా ఆమె తాజీన్ జైతూన్ చేస్తుంది, కోడీ ఆలివ్‌లూ పుట్టగొడుగులూ వేసి, మామూలు గిన్నెలోనే. రంజాన్ నెలలో తాజీన్ హలూ అని ఎండుపళ్ళతో తియ్యటిది. ట్యునీషియా వాళ్ళది అసలు కూరే కాదు. గుడ్లు, మాంసం ముక్కలు, చీజ్ కలిపి ఓవెన్‌లో మందంగా కాల్చి పలకలుగా కోస్తారు. గరాటు లాంటి మూత ఉన్న పాత్ర మొరాకో ఇంట్లో మాత్రమే చూశాను.

ఇంకొకటి. యూరప్ రెస్టారెంట్లలో తాజీన్‌ని కుస్‌కుస్ అనే గోధుమ రవ్వ వంటకం మీద పోసి ఇస్తారు. మా మొరాకో పక్కింటావిడకి అది అస్సలు నచ్చదు. కుస్‌కుస్ శుక్రవారం వంట, దాన్ని ఆవిరి మీద రెండు మూడుసార్లు ఉడికిస్తారు, దాని పులుసు వేరు. 2020లో అల్జీరియా, మొరాకో, మారిటేనియా, ట్యునీషియా నాలుగూ కలిసి కుస్‌కుస్‌ని యునెస్కో జాబితాలో చేర్పించాయి. తాజీన్‌కి రొట్టె కావాలి. ఖుబ్జ్ అనే గుండ్రటి, మందపాటి రొట్టె. చెంచాలుండవు. కుడిచేతి మూడు వేళ్ళతో రొట్టె తుంచి, దానితోనే కూర తీసుకోవాలి.

కాసాలో తెలుగోడు

నూటికి నూరుపాళ్ళు నిజం. పాత వాడల్లో ఇప్పటికీ ఫెర్రాన్ అనే ఉమ్మడి పొయ్యి ఉంటుంది. ఇంట్లో పిండి కలిపి, పలక మీద పెట్టి, గుడ్డ కప్పి పిల్లల చేత పంపిస్తారు. అక్కడ కాల్చి ఇస్తారు.

తినే పద్ధతి కూడా చెబుతాను. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంటారు. ఎవరి ముందున్న భాగం వాళ్ళది, అవతలివాళ్ళ వైపు చేయి చాపకూడదు. మొదట అంచులనుంచి కూరగాయలు, గ్రేవీ. మాంసం మధ్యలో ఉంటుంది, దాన్ని చివర్లో ఇంటి పెద్ద ముక్కలు చేసి అందరి ముందుకీ జరుపుతారు. అతిథి ముందుకి మంచి ముక్క వస్తుంది.

డాలస్ వదిన

మరాకేష్‌లో తంజియా అని తిన్నామని మా ఫ్రెండ్ చెప్పింది. ఇదీ అదీ ఒకటేనా?

కాసాలో తెలుగోడు

కాదు వదినా. తంజియా అంటే సన్నటి మెడ, రెండు చెవులు ఉన్న నిలువు కూజా. మరాకేష్ సొంత వంట అది, మగవాళ్ళ వంటగా పేరు. కసాయి కొట్లోనే మాంసం, ఉప్పునిమ్మకాయ, వెల్లుల్లి, జీలకర్ర, కుంకుమపువ్వు, స్మెన్ అనే నిలవ నెయ్యి వేయించుకుని, మూతికి కాగితం కట్టి, హమ్మామ్ అనే ఉమ్మడి స్నానశాల దగ్గర ఇస్తారు. స్నానాలకి నీళ్ళు కాచే కొలిమి ఉంటుంది కదా, అక్కడి పనివాడు కూజాని వేడి బూడిదలో పాతిపెడతాడు. గంటల తరబడి అందులోనే ఉంటుంది. చెక్కలు కొట్టేవాళ్ళు, తోళ్ళ పనివాళ్ళు పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకునేవారు.

మట్టిపని

కుమ్మరిగా నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి ఉంది. కుమ్మరి సారె (చక్రం) లేకుండా, చేత్తోనే మట్టిని పేర్చి పాత్రలు చేసే ఆడవాళ్ళు ఉత్తర ఆఫ్రికా పల్లెల్లో ఇంకా ఉన్నారు. మొరాకోలో రిఫ్ కొండల వైపు, ట్యునీషియాలో సెజ్నాన్ దగ్గర. సెజ్నాన్ స్త్రీల మట్టిపనిని 2018లో యునెస్కో గుర్తించింది. మట్టి తవ్వడం, దంచడం, చేయడం, బహిరంగంగా మంటలో కాల్చడం, అమ్మడం అన్నీ వాళ్ళే. మన దగ్గర సారె మగవాళ్ళ చేతిలో ఉండిపోయింది, మా అమ్మా మేనత్తలూ మట్టి తొక్కి, కుండలు ఎండబెట్టి కూడా కుమ్మరి అనిపించుకోలేదు. అందుకే ఆ సంగతి తెలిసినప్పుడు చాలా సంతోషం వేసింది.

పెన్నాతీరం

మట్టిపని గారూ, ఎర్రమట్టి తాజీన్ మళ్ళీ ఎవరు తెస్తారా అని చూస్తున్నాను. ఈలోగా నా దాకలో వండొచ్చా?

మట్టిపని

నిరభ్యంతరంగా. వెడల్పాటి, లోతు తక్కువ దాక తీసుకోండి. మూత చదునుగా ఉంటే ఆవిరి చుక్కలు ముక్కల మీదే పడతాయి. చిన్న కుండనో, లోతైన మట్టి మూకుడునో బోర్లించండి, అంచుకి అంచు ఆనాలి. కానీ పులుసు పెట్టే దాక వద్దు. చింతపండు, చేప వాసన మట్టి వదలదు, నిమ్మతొక్క వాసనని మింగేస్తుంది. కోడికి వేరే దాక కొనండి.

పెన్నాతీరం

కొత్త దాక కొని, గంజి కాచి, పైన చిన్న కుండ బోర్లించి కోడికూర చేశాను. నిమ్మకాయలు ఊరేదాకా ఆగి మరీ చేశాను. పెనం మీద సిమ్‌లో గంటంబావు పట్టింది. ముక్క ఎముక నుంచి దానంతట అదే జారింది. గ్రేవీ చిక్కగా, బంగారు రంగులో వచ్చింది. మావారు కారం లేదని మొదట మొహం ముడుచుకున్నారు, రెండో ముద్ద నుంచి మాట్లాడలేదు. మందంగా చేసిన గోధుమ రొట్టెలతో తిన్నాం. అబ్బాయి అక్కడ తిన్నదానికి దగ్గరగా ఉందన్నాడు, ఆలివ్‌లు మాత్రం అక్కడివి ఇంకొంచెం చేదుగా ఉండేవట.

చేప కూడా చేస్తారా? నెల్లూరు వాళ్ళం, అడగకుండా ఉండలేం.

కాసాలో తెలుగోడు

చాలా సంతోషం అమ్మా. అవి ఊదారంగు ఆలివ్‌లు అయి ఉంటాయి, ఇక్కడ చేదు కాస్త మిగిల్చి ఊరబెడతారు.

చేపకి షర్మూలా అనే ముద్ద కావాలి. కొత్తిమీర, పార్స్‌లీ, వెల్లుల్లి, జీలకర్ర, కారం లేని ఎర్ర మిరపపొడి, నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపి నూరండి. వంజరం ముక్కలకి పట్టించి గంట ఉంచండి. పాత్ర అడుగున క్యారెట్‌ని పుల్లలుగా కోసి అడ్డంగా పరవండి, చేప అడుగంటకుండా అదే కాపు. దాని మీద బంగాళాదుంప చక్రాలు, టమాటా, ఆ పైన చేప, మిగిలిన షర్మూలా. దుంప సగం ఉడికాకే చేప పెట్టాలి. ఆ తర్వాత ఇరవై నిమిషాలు చాలు. సాఫీ, ఎస్సావీరా లాంటి సముద్రపు ఊళ్ళలో ఇది ఇంటింటి వంట.

పులుసుప్రియ

నేనూ చేశాను, కుక్కర్‌లో ఉడికించి తర్వాత ఇగరబెట్టి. బాగుంది. పండక్కి మటన్‌తో చేయాలనుంది. ఎండు ఆల్‌బుఖారా వేసి చేస్తారట కదా, అది మట్టిలోనే చేస్తాను. ఎలా?

కాసాలో తెలుగోడు

పెళ్ళిళ్ళకీ పండగలకీ చేసేది అదే అక్కా. ఒక జాగ్రత్త: మన బజార్లో ఆల్‌బుఖారా పేరుతో దొరికే పుల్లటి ఎండు కాయలు వద్దు. ప్రూన్స్ అని నల్లగా, మెత్తగా, తియ్యగా ఉండేవి కావాలి, పావుకిలో.

ఎముకతో ఉన్న జబ్బ మాంసం కిలో, ఉల్లి, సొంఠి, మిరియాలు, పసుపు, కుంకుమపువ్వు, ఒక దాల్చినచెక్క. కోడికి చేసినట్టే మొదలుపెట్టి ఒక గ్లాసు నీళ్ళు పోయండి. రెండు గంటలు, ముదురు మాంసమైతే రెండున్నర. ప్రూన్స్‌ని మాంసంతో పాటు వేస్తే చితికిపోతాయి. విడిగా చిన్న గిన్నెలో రెండు గరిటెల గ్రేవీ, రెండు చెంచాల తేనె, దాల్చిన పొడి వేసి, అవి ఉబ్బి నిగనిగలాడేదాకా పది నిమిషాలు ఉడికించండి. వడ్డించే ముందు మాంసం మీద పేర్చి, నేతిలో వేయించిన బాదంపప్పు, వేయించిన నువ్వులు చల్లండి. ఉప్పు మామూలు కన్నా కాస్త ఎక్కువ పడాలి, లేకపోతే తీపి పైకి వస్తుంది.